సత్తు పడవకు మాటు

చిల్లు పడిన పడవను బాగుచేయడానికి మా తాత దాన్ని నీళ్ళలో ముంచాడు. రాళ్ళు నింపి, రిజర్వాయరు ఒడ్డున నడుము లోతులో అది పూర్తిగా మునిగేదాకా పక్కనే నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఆయన నడిపినవి చెట్టు మాను తొలిచి చేసిన దోనెలు. ఎండకు బీటలిస్తే రెండు రోజులు నీళ్ళలో ఉంచేవారట. చెక్క ఉబ్బి బీట మూసుకునేది. ఇప్పటిది ఊరంతా కలిసి కొనుక్కున్న సత్తు రేకు పడవ. రిజర్వాయరులో మునిగిపోయిన పాత అడవి మోడు ఒకటి కింద తగిలి, బొటనవేలు దూరేంత చిల్లు పడింది.

"నీరు తాగనీ గుంటా. అదే మూసుకుంటాది," అన్నాడు తాత.

సత్తు ఉబ్బదని నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. తాత ముఖంలో నమ్మకం చూసి, ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను.

ఆ రెండు రోజులూ వెళ్ళి ఒడ్డున కూర్చున్నాను. మంచు విడిచాక నీళ్ళ అడుగున పడవ కనిపించేది, పగటి చందమామలా పాలిపోయి. చిన్న చేపలు చిల్లులో ఇటు దూరి అటు వెళ్ళేవి. పైన మబ్బు కదిలితే కింద పడవే కదులుతున్నట్టుండేది. అందులో ఎవరో కూర్చుని, మునిగిపోయిన అడవిలో చెట్ల మధ్య నుంచి ఎటో వెళ్తున్నారనిపించేది.

మూడో రోజు పైకి లాగారు. చిల్లు అలాగే ఉంది.

"ఏటి బావా, నానబెడితే మొలకలొస్తాయనుకున్నావేటి?" అంది పక్కింటి అవ్వ. అందరూ నవ్వారు. ఊరి పెద్ద మాత్రం నవ్వలేదు.

"ఎల్లుండి సంత. పసుపూ మిరియాలూ అవతలికి సేరాల. అప్పటికి ఇది తేలకపోతే పక్కూరోళ్ళ పడవ మాటాడేత్తాను. ఇంక నువ్వు ఇంటికాడ కూకో మావా."

తాత తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తడి తుడుస్తూ కూర్చున్నాడు. చాలాసేపు తుడిచాడు.

సంతలో చిల్లు గిన్నెలకు రేకు ముక్కలతో మాట్లు వేసే మనిషి పని నేను ఎన్నోసార్లు చూశాను. ఆ సాయంత్రం నా సత్తు కంచం తీసుకెళ్ళి తాత ముందు పెట్టాను.

"దీన్ని కోసి మాటేద్దాం తాతా."

"మరి బువ్వ దేంట్లో తింటావే?"

"అడ్డాకులో."

మర్నాడు పడవ బోర్లించాం. తాత కంచం ముక్క కత్తిరించి, దాని కింద సైకిల్ ట్యూబు పరిచి, అంచులకు నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. అది దోనెల నాటి పని, ఆయన చేయి తిరిగిన పని. చుట్టూ మేకుతో రంధ్రాలు పొడిచాడు. రివెట్లకు పాత కరెంటు తీగ ముక్కలు. నేను పడవ కిందికి దూరి లోపలి నుంచి రాయి ఆన్చాలి, తాత పైనుంచి సుత్తితో కొట్టాలి.

పడవ కింద ఆ రంధ్రాలు చుక్కల్లా వెలిగాయి. ఒక్కో తీగ ముక్క దిగినప్పుడల్లా ఒక చుక్క ఆరిపోయేది. దెబ్బ పడితే పెద్ద గంట లోపల కూర్చున్నట్టుండేది. ఎవరి ముఖమూ కనిపించని ఆ చీకట్లో నాకు మాట వచ్చింది.

"తాతా, ముంచిన రోజే నాకు తెలుసు. సత్తు ఉబ్బదు."

సుత్తి ఆగింది.

"మరి సెప్పలేదేటే?"

"నీకు సిన్నతనమని."

"ఊరంతా నవ్వితే పెద్దతనమేటి?" ఆయన నవ్వు రేకులోంచి నా అరచేతికి తగిలింది. "రాయి గట్టిగా ఆన్సు."

సంత రోజు పొద్దున్నే ఒడ్డు నిండా బస్తాలు, మూటలు. ఎవరూ ఎక్కలేదు. నేనెక్కి మాటు మీద అరచేయి పెట్టి కూర్చున్నాను. తాత ఒక తెడ్డు వేశాడు, ఇంకొకటి వేశాడు. మంచులో ఒడ్డు మాయమైంది. మేము నీళ్ళ మీద ఉన్నామో, మంచు మీద తేలుతున్నామో కాసేపు తెలియలేదు. తాత నా చేతినే చూస్తున్నాడు.

వెనక్కి రాగానే ఊరి పెద్ద అడిగాడు: "నీరొచ్చిందేటే?"

రాలేదంటే సరిపోయేది. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఒక్క రివెట్టు కాడ సెమ్మ ఉంది," గట్టిగానే అన్నాను. "మిగతాదంతా పొడే."

ఎవరూ కదల్లేదు. అప్పుడు అవ్వ మిరియాల మూట సర్దుకుని, తాత భుజం పట్టుకుని పడవలోకి దిగింది.

"సెమ్మైతే నా కొంగుతో తుడుత్తాను. జరగవే గుంటా. బేగి పద బావా, పొద్దెక్కితే బేరాలుండవు."

ఊరి పెద్ద కాసేపు ఆలోచించి తన పసుపు మూట అందించాడు. తాత తెడ్డు వదలకుండా, ఒంటి చేత్తోనే దాన్ని అందుకున్నాడు.