దెవ్వకు అద్దె గది

నేను చెప్పే కథల్లో నిజమెంతో బళ్ళారి కౌల్ బజార్ అంతటికీ తెలుసు. అందుకే ముందుగా ప్రమాణం చేస్తున్నాను. జీన్స్ ప్యాంట్లకు వేసే గుండీలు, జిప్పులు అమ్ముకుని బతికేవాణ్ణి. నా దుకాణంలోని ఇత్తడి గుండీలన్నిటి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

ఈ కథలో మనిషి అనంతపురం దిక్కు నుంచి బళ్ళారికి వచ్చి, జీన్స్ ఉతికే యూనిట్‌లో పనికి కుదిరాడు. ఎంత పొడుగు మనిషంటే, ఆటో ఎక్కితే తల బయటపెట్టుకోవలసిందే. డ్రైవరు అద్దంలో వెనక వచ్చే బండ్లకు బదులు అతని మోకాళ్ళు కనిపించేవి. తన ఊళ్ళో బజ్జీల బండి నడిపే రోజుల్లో కాగిన నూనె పడి ముఖం ఒకవైపు కాలిపోయింది. ఆస్పత్రిలో తొడ చర్మం తీసి చెంపకు కుట్టారు. ఆ కుట్లు దూరానికే కనిపిస్తాయి. దానికి తోడు రంగునీళ్ళలో పనిచేసి చేతులు మోచేతుల దాకా నీలం. చెమట తుడుచుకున్న చోటల్లా ముఖానికీ నీలమే.

సందులోకి వస్తే పిల్లలు "దెవ్వ బంతు, దెవ్వ బంతు" అని అరిచి పరుగెత్తేవారు. కన్నడంలో దెవ్వ అంటే దెయ్యం, బంతు అంటే వచ్చింది. అతనికి కన్నడం రాదు. దేవుడంటున్నారనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడు.

"ఈడ పిల్లోళ్ళకు శానా మర్యాదన్నా" అన్నాడు నాతో. "మా ఊర్లో రాళ్ళేస్తాండ్రి."

"మా ఊరంతేప్పా" అన్నాను. అంత బాగున్న పొరపాటును దిద్దడం నాకు చేతకాదు.

రాత్రులు యూనిట్‌లో ప్యాంట్ల మూటల మీదే పడుకునేవాడు. ఊరి నుంచి భార్యను తెచ్చుకోవాలని అతని ఆశ. దానికి గది కావాలి. అడిగిన ప్రతి ఇంట్లోనూ ముఖం చూడగానే, గది నిన్ననే ఇచ్చేశామనేవారు.

మా వెనక సందులో చూపు పోయిన అవ్వ ఒకామె ఉంది. మేడ మీద గది ఖాళీ. కొడుకు పనికి వెళ్ళే వేళ చూసి అతన్ని తీసుకెళ్ళాను.

"యాడిదప్పా మీది?" అని అడిగింది అవ్వ.

"అనంతపురం దిక్కు, అవ్వా."

"గొంతు సల్లగుండాది. పెండ్లాం ఉండాదా?"

"ఉండాది. రాగిముద్ద బాగా చేస్తాది. నీకూ తెచ్చిస్తాది."

"మెత్తగా చెయ్యమను. మా కోడలు చేసింది గోడకేస్తే గోడే పడతాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. రేపే సామాను తెచ్చుకోమంది.

అంతలో వాన మొదలై, గొడుగు మరిచిపోయిన కొడుకు వెనక్కి వచ్చి, అతన్ని చూసి గడప ముందే ఆగిపోయాడు. కొత్తమనిషికి అర్థం కాకూడదని కాబోలు, తల్లితో కన్నడంలో "అమ్మా, ఇవను దెవ్వ ఇద్దంగ ఇదానె, మనెగె బ్యాడ" అన్నాడు. దెయ్యంలా ఉన్నాడు, ఇంట్లోకి వద్దని.

అందులో అతనికి తెలిసిన మాట ఒక్కటే. సిగ్గుపడి, కుట్లున్న ముఖం వంచి కొడుక్కు దండం పెట్టాడు.

"అంత పెద్దమాట ఎందుకులేన్నా" అన్నాడు.

 అవ్వ చెయ్యి చాపి, అతని చెంప తడిమి, కుట్ల వెంబడి వేళ్ళు నడిపింది. "దీనికా నువ్వు బయపడేది? మీ నాయన తాగొస్తే ఇంతకన్నా బయంగా ఉంటాండె" అని కొడుకును కసిరి, కొంగుముడి విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

మామూలుగా ఇక్కడే ఆపుతాను. విన్నవాళ్ళు టీ ఇప్పిస్తారు.

తాళంచెవి నేను కల్పించింది. తాగొచ్చిన నాయన కూడా. అవ్వ చెయ్యి చాపింది నిజమే. అది అతని చెంప దాకా వెళ్ళి కుట్ల మీద ఆగింది. తర్వాత ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది. "మా వోడు ఎట్లంటే అట్లప్పా, ఏమనుకోవద్దు" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కొడుకు వేశాడు.

మేము వాన తగ్గేదాకా నా దుకాణం రేకు కింద నిలబడ్డాం. అతను భార్యకు ఫోన్ చేశాడు.

"ఈడ ఎండలు జాస్తిగుండాయి. ఇప్పుడే రావద్దులే" అన్నాడు.