నాలుగు వందల పన్నెండోసారి పడ్డ ఊనా

గుర్రపుస్వారీ నేర్పడానికి నీకున్న అర్హతేమిటని అడిగితే, ఊనా గెరటీ తను ఎన్నిసార్లు కిందపడిందో చెప్పేది. ఐర్లండ్‌లోని మా కానెమారాలో ఇంత నిజాయితీగా గిరాకీ చెడగొట్టుకున్న గురువు మరొకరు లేరు. ఇరవై ఏళ్లు ఆమె గుర్రాలకు లాడాలు కొట్టినవాణ్ణి, గేటు మీద బోర్డు రాసిందీ నేనే: "ఊనా గెరటీ, స్వారీ శిక్షణ. ఇప్పటికి 411 సార్లు పడ్డారు."

"ఇది చూసి ఎవరొస్తారే తల్లీ?" అన్నాను.

"పడి లేవడం తెలిసినవాళ్ల దగ్గరికే వస్తారు," అంది.

మా లాయాల్లో పడ్డవాళ్లు మర్నాడు అందరికీ కేకు తేవాలి. ఊనా కేకు వాసన చూసి గుర్రాలు కూడా మొహం తిప్పుకునేవి. మాకు కేకులు పెట్టి చంపడానికే పడుతోందని శిష్యులు ఏడిపించేవారు.

ఇంతలో రోడ్డు చివర కొత్త స్వారీబడి వెలిసింది. గోడ నిండా సర్టిఫికెట్లు! జనం అటే ఎగబడ్డారు. ఊనాకు మిగిలింది ముగ్గురు శిష్యులు. ఇలాగే సాగితే వేసవి సంతలో గుర్రాలు అమ్ముకోవాల్సిందే. చివరికి యాభై ఎనిమిదో ఏట, తిట్టుకుంటూనే, సర్టిఫికెట్ కోసం శిక్షకుల పరీక్షకు ఒప్పుకుంది.

పరీక్ష రోజున అధికారి ముందు ఊనా దగ్గర పాఠం నేర్చుకోవలసింది మా పోస్ట్‌మాన్ కార్మక్. గుర్రం మీద మోకాలెత్తు కర్ర దాటబోయి బురదలో పడ్డాడు. కంచె చుట్టూ ఉన్న జనం పగలబడి నవ్వారు. పాపం, అతను మొహం ఎత్తలేదు. ఊనా తన గుర్రాన్ని ఉరికించి, అదే కర్ర దాటి, సరిగ్గా అతని పక్కనే దబ్బున పడింది. "నాలుగు వందల పన్నెండు," అంది.

నవ్వంతా ఆమె మీదికి మళ్లింది. కార్మక్ కూడా నవ్వుతూ లేచాడు.

"మీ గుర్రం తడబడనే లేదు. కావాలనే పడ్డారా?" అన్నాడు అధికారి.

"అవును."

"అయితే మిమ్మల్ని పరీక్షలో తప్పించాల్సి వస్తుంది."

"తప్పిస్తే తప్పించండి. ముందు ఈయన్ని మళ్లీ గుర్రం ఎక్కించాలి."

తప్పించారు. ఆ సాయంత్రం అడిగాను, అన్నిట్లో నిజంగా పడ్డవెన్నని. "పదకొండు. మిగతావి పడ్డవాళ్లకు తోడుగా," అంది, జీను తుడుస్తూ. ఇరవై ఏళ్లుగా ఎగతాళి చేస్తూ బోర్డు మీద అంకెలు మార్చిన వెధవని నేనేనని సిగ్గుపడ్డాను.

కార్మక్ ఉత్తరాలతోపాటు ఈ కబురూ ఇంటింటికీ పంచాడు. శనివారం గేటు దగ్గర పంతొమ్మిది మంది నిలబడ్డారు.

ఊనా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను పరీక్ష తప్పాను. ఇక ముందు కూడా తప్పుతాను. తెలిసే వచ్చారా?"

ఎవరూ కదల్లేదు.

"అయితే ఎక్కండి," అంది.