టైపు టీచరమ్మ నిలబెట్టిన ప్రింటరు

ఇది రాయకూడదనే అనుకున్నాను. టైపు టీచరమ్మను తలుచుకోవడానికి మా వీధి సంఘం అధ్యక్షుడు కట్టించిన ఆరడుగుల ఫ్లెక్సు ఉంది కదా. ఆవిడ పోయిందన్న కబురు నాకు చెప్పింది కూడా ఆ ఫ్లెక్సే. వేలూరులో కళ్ళు చూపించుకుని, సాయంత్రం మా ఊరు గుడియాత్తంలో బస్సు దిగితే ఎదురుగా టీచరమ్మ! పొద్దున గుండె ఆగిపోయిందట. కింద తమిళంలో కన్నీటి అంజలి. తెలుగులో ఒక్క అక్షరం లేదు. బతికుండగా ఒక టోనరు అడిగితే నెలల తరబడి నాన్చిన మనుషులు, పోయిన పూటే ఆవిడ ముఖాన్ని రంగుల్లో అచ్చు వేయించారు. అందుకే రాస్తున్నాను.

మాది లుంగీలు నేసే వీధి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నోటినిండా తెలుగున్నా చదవడం రాదు. తను టైపు నేర్పిన ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆవిడ సంఘం గదిలో ప్రతి ఆదివారం మాకు అక్షరాలు నేర్పేది. అరవై దాటి నేను అ, ఆ దిద్దింది అక్కడే. పాఠం తనే తయారుచేసి, తలకొక కాగితం అచ్చు వేసి ఇచ్చేది. కాగితం లేని రోజు పాఠం లేదు.

ఎవరో పారేసిన కంప్యూటరులో విండోస్ బదులు, ఊరికే దొరికే లినక్స్ ఎక్కించింది. అది నడిచింది, ప్రింటరు మొరాయించింది. దాన్ని సంచిలో వేసుకుని ఇద్దరం వేలూరు వెళ్ళాం. బస్సులో కండక్టరు దానికీ టికెట్టు అడిగాడు.

"చంటిబిడ్డప్పా, ఒళ్ళో పెట్టుకుంటాను" అంది ఆవిడ.

అతను నవ్వి ఊరుకున్నాడు. కంప్యూటరు అంగడివాడు మాత్రం సంచి విప్పనైనా లేదు.

"లినక్సా? దాంట్లో ప్రింటరు నడవదమ్మా. కొత్తది తీసుకోండి. మీ వయసులో ఇదంతా యాల?"

"నా వయసు ప్రింటరుకి తెలీదప్పా, నువ్వు చెప్పకుంటే సరి."

ఆవిడ నవ్వింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వారం దాని ముందే కూర్చుంది. ప్రింటరు తయారుచేసినవాళ్ళు లినక్సుకు ఇవ్వని డ్రైవరును, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రామును, ఎక్కడో ఎవరో తీరిక చేసుకుని రాసి ఊరికే పంచుతున్నారట. అది దొరికింది. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టి, రెండు చుక్కలు, ఆరు వందల ముప్పై ఒకటి అని కొడితే ప్రింటర్ల పేజీ వస్తుంది. ప్రింటరును చేర్చడం, డ్రైవరు చూపించడం, పరీక్ష కాగితం తీయడం అన్నీ అక్కడే. ఇదంతా నోటుబుక్కులో రాసిపెట్టింది. తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. మాకోసం.

"కాగితం ఇరుక్కుంటే వరస ఆగిపోతాది. అది చావు కాదు నాయనా. పోగు తెగితే ముడేసి మళ్ళా నెయ్యవా? ఇదీ అంతే. ఊరికే ప్రింటు, ప్రింటు అని కొట్టబాక, కొట్టినవన్నీ వరసలో చేరతాయి."

ఈ మాట అధ్యక్షుడి ఎదుటే నాలుగుసార్లు చెప్పింది.

చివరి శుక్రవారం సాయంత్రం పాఠం సరిచూసుకోవడానికి ఒక్క ప్రతి పంపితే కాగితం ఇరుక్కుంది. దాన్ని లాగేసి, "ఆయాసంగా ఉండాది, రేపు చూస్తా" అని ఇంటికి వెళ్ళింది. ఆ రేపే పోయింది.

బుధవారం సంతాప సభ. అధ్యక్షుడు ఆవిడను దీపమన్నాడు, గోపురమన్నాడు. అదే నోటితో, "ప్రింటరూ ఆయమ్మతోనే పోయింది. పాత సామానుకి వేసేస్తాం. ఇంక క్లాసు లేదు" అన్నాడు.

నేను లేచాను. "పోయిందని ఎట్ల తెలుసు?"

"తొమ్మిది తూర్లు కొట్టినానప్పా, ఒక్క కాగితం రాలా."

"ఏం కొట్టినావు?"

"క్లాసు నిలిపేసినామని నోటీసు."

దీపమట! దీపం చెప్పిన మాట ఒక్కటి చెవిలో వేసుకున్నాడా? సభ అని కూడా చూడకుండా అరిచాను. ఆదివారం దాకా ప్రింటరును ఎవరూ ముట్టుకోవద్దన్నాను.

శనివారం నోటుబుక్కు ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం కొట్టాను. పేజీలో 'పాజ్డ్' అని ఉంది, వరస ఆగిందని. ఆవిడ రాసిపెట్టిన పాస్‌వర్డు ఇచ్చి, మళ్ళీ నడవమని 'రెజ్యూమ్' నొక్కాను. ప్రింటరు మూలిగింది. ముందు టీచరమ్మ పంపిన పాఠం వచ్చింది, ళ, క్ష, ఱ. దాని వెనకే అధ్యక్షుడి నోటీసులు, తొమ్మిదీ వచ్చాయి.

తెల్ల కాగితం అయిపోయింది. నోటీసులు తిరగేసి పెట్టి, వెనకవైపు పాఠం వేశాను.

ఆదివారం తొమ్మిది మందిమి కూర్చున్నాం. తలకొకటి సరిపోయింది. టీచరమ్మ పంపిన కాగితం బల్ల మీదే ఉంది.