వెళ్ళిరమ్మని చెప్పని రోజు

సింహాచలం బస్సు జగదాంబ జంక్షన్ రద్దీ దాటాక గానీ, పక్క సీటులో ఉన్నదెవరో చూసే తీరిక కాంతమ్మకు దొరకలేదు. కిటికీ కడ్డీకి తల ఆనించి, ఒళ్ళో నీళ్ళసీసా పట్టుకుని తూగుతున్న మనిషి సీతాలు. ఎండాకాలం నుంచీ వీధిలో గొంతు వినపడని సీతాలు.

"ఏమే, చేపలు తేవడం మానేసి బస్సుల్లో నిద్రపోతున్నావా?"

సీతాలు కళ్ళు విప్పి ముందు నీళ్ళు తాగింది. "నువ్వేటమ్మగోరూ! నిద్ర కాదమ్మా, మందు. నోరు సూడు, ఎండుసేపయిపోనాది."

పోర్టు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం కాంతమ్మది. చినవాల్తేరులోని ఆ గుమ్మానికి జాలరిపేట నుంచి తట్ట మోసుకుని సీతాలు ఏళ్ళుగా వచ్చేది. బేరం ఇట్టే తెగేది. తెగనిది సెలవు తీసుకోవడమే. "ఎల్లొత్తానమ్మగోరూ" అనేది. "వెళ్ళిరా" అనాలి కాంతమ్మ. గేటు దాకా పోయి మళ్ళీ వచ్చేది. "ఇంకోపాలి అనమ్మా, మనసెట్టి అనలేదు నువ్వు." పిండిచేతులతో కాంతమ్మ విసుక్కుంటూ అనేది. విసుగుతో అన్నది చెల్లదు. ఇంకోసారి.

మన తెలుగువాళ్ళు గుమ్మం దిగుతూ వెళ్తానని అనరు, వెళ్ళొస్తాననే అంటారు. తిరిగి రావడాన్ని ఆ మాటలోనే ముందుగా ముడివేసుకుంటారు. బయలుదేరినవాణ్ణి వెనకనుంచి పిలవకూడదన్నది ఇంకో కట్టుబాటు. ఎన్ని రేవులు తిరిగినా, నీటి మీద బతికేవాళ్ళ దగ్గర ఇలాంటివి ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటాయి. అందరూ ఒకసారి పాటించి మరిచిపోతారు. సీతాలు మాత్రం వాటిలో చిక్కుకుపోయింది. వెళ్ళిరమ్మన్న మాట సరిగ్గా పడలేదనిపిస్తే మళ్ళీ చెప్పాలి. చెప్పాలంటే వెనక్కి పిలవాలి. పిలిస్తే అదో కీడు. ఆ కీడు పోవాలంటే మొదటినుంచి సాగనంపాలి. మొగుడు దొరబాబు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే ప్రతిసారీ ఇదే తంతు.

"ఆకరికి హార్బర్లో అందరి ముందూ కేకేసినానమ్మా. బోటు కదిలిపోనాది అప్పటికే. సరంగు ఇనేసినాడు. నీ ఆడది ఎనక్కి పిలిసినాక నాను బోటు తోలను, దిగిపోరా అన్నాడు. అంతే, దించేసినారు."

"తిట్టాడా దొరబాబు?"

"తిడితే బాగున్ను. పద, డాట్రు కాడికి ఎల్దాం అన్నాడు."

ద్వారకా నగర్‌లోని డాక్టరు మధులత మొదట వేరే మాత్రలు ఇచ్చింది. అవి పనిచేయలేదు. అప్పుడు క్లోమిప్రమిన్‌కు వచ్చింది. పాత మందే అది. అణువులో మూడు వలయాలు కలిసి ఉంటాయి గనక ట్రైసైక్లిక్ అంటారు. దిగులుకని తయారుచేస్తే, ఒకే ఆలోచన గానుగెద్దులా తిరిగే ఈ జబ్బుకూ పనికొస్తుందని తర్వాత తేలింది. కొత్త మందులు వచ్చాక వెనకబడిందిగానీ, వాటికి లొంగనివాళ్ళకు ఇప్పటికీ ఇస్తారు. గుండె పరీక్ష చేసి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచారు. గుణం వారాల మీద గానీ కనపడదు. నోరెండడం, మలబద్ధకం, మత్తు మాత్రం వెంటనే వచ్చేశాయి.

"తలుపేసినాక, ఏసినావులే అని మనసు సెప్పాల గదమ్మా. నాకా కబురు అందదంట. ఇంట్లోవోల్లని నానెన్నిసార్లడిగినా జవాబియ్యొద్దంది డాట్రమ్మ. ఇచ్చేకొద్దీ జబ్బు బలుత్తాదంట."

"మరి తగ్గిందా?"

సీతాలు ఇంకో గుక్క నీళ్ళు తాగి సీసా మూత బిగించింది.

"దొరబాబుకి వేరే బోటు దొరికినాది. ఇయ్యాల తెల్లారుజామునే ఎల్లిపోనాడు. నాను లెగలేదమ్మా. మత్తులో పడి ఉన్నాను. ఒక్క మాటనలేదు. లెగిసి సూత్తే ఆడు పడుకున్న సాప కాళీ."

"అయ్యో."

"అది కాదమ్మగోరూ. గుండె పగిలిపోవాల నాకు. బయం ఉంది గానీ, పక్కింట్లో ఎవులో ఏడుత్తన్నట్టుంది. నాను బయపడకపోతే ఆడినెవులు కాత్తారు? సిమ్మాచలం అప్పన్న కాడికి పోతన్నాను. ఈ మందు ఇయ్యాల్టితో మానేత్తాను, ఆణ్ణి తెచ్చియ్యి సామీ అని మొక్కేత్తాను."

"ఒక్కసారిగా మానొచ్చా?"

"మానకూడదంట. ఒల్లు తిరగబడతాదంట. మెల్లగా తగ్గించాలంట, అదీ డాట్రమ్మ సెబితేనే. ఇయ్యాల రమ్మంది కూడాను. ఎవులికి కావాలమ్మా!"

కాంతమ్మకూ అలసటగానే ఉంది. మోకాళ్ళు లాగుతున్నాయి. "మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడు నేనేనాడూ గుమ్మం దాకా రాలేదే. క్రేన్ల కింద చేసిన ఉద్యోగం. అయినా వచ్చేవాడు."

"వొచ్చినాడు కాబట్టి సెప్తన్నావు."

"అవును. వచ్చాడు కాబట్టే చెబుతున్నాను."

ఆ మాటకు సీతాలు తిరిగి చూసింది. కాంతమ్మ చెయ్యి పట్టుకుంది. "దొరబాబు వొచ్చేత్తాడని ఒక్కపాలి అనమ్మగోరూ. మనసెట్టి."

అనడానికి ఎంతసేపు? ఇన్నేళ్ళూ గేటు దగ్గర అన్నదేగా. కాంతమ్మ తల అడ్డంగా ఊపింది.

"అననే. నాకేం తెలుసు?"

"డాట్రమ్మ నీకూ సెప్పేసిందేటి!"

"నువ్వేగా చెప్పావు, ఇప్పుడే."

సీతాలు చెయ్యి విదిలించుకుంది. కోపమో నవ్వో మొహం చిట్లింది.

"కాంప్లెక్సు! ద్వారకా నగర్ దిగేవోల్లు లెగండి!" కండక్టరు తలుపు కొట్టాడు. దిగేవాళ్ళు దిగారు. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. సీతాలు కదల్లేదు. బస్సు ఒక్క కుదుపుతో కదిలేసరికి కడ్డీ పట్టుకుని లేచింది. కళ్ళు తిరిగాయేమో, క్షణం ఆగి నిలదొక్కుకుంది.

"ఆపు, దిగాల."

"సింహాచలం టిక్కెట్టు కదా తీసినావు, ఇక్కడ దిగుతావేటి?" అన్నాడు కండక్టరు.

సీతాలు ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగింది. సీటులో నీళ్ళసీసా ఉండిపోయింది. కాంతమ్మ దాన్ని అందుకుని కిటికీలోంచి పిలవబోయి, మాటను పంటి కింద నొక్కిపెట్టింది. ఎల్లొత్తానమ్మగోరూ అంటూ వెనక్కి తిరుగుతుందని చూసింది.

సీతాలు ఒకసారి ఆగి చెంగు సర్దుకుంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య డాక్టరమ్మ సందులోకి తిరిగి, అలాగే నడిచి వెళ్ళిపోయింది.