విప్పేసిన గజ్జెలు

లక్డారం అంగన్‌వాడీలో పంతొమ్మిదేళ్లుగా మొగులమ్మే ఆయమ్మ. పిల్లలకు అన్నం, గుడ్డు తినిపించి చాపల మీద నిద్రపుచ్చడంలో ఆమెకు సాటి లేరు. "మా ఆయమ్మ ఒక్క కేకేస్తే నిద్ర గూడ ఉరికొస్తది" అని టీచరు త్రివేణి అంటే ఆమె మురిసిపోయేది. ఆ మురిపెమే కొంప ముంచింది.

ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చి, ఇప్పుడు కంపెనీలో చేరిన సబితకు మూడేళ్ల కూతురు ఝిల్లి. దాని కాళ్లకు నల్లదారంతో కట్టిన ఇత్తడి గజ్జెలుండేవి. ఇటుక బట్టీల్లో వంగి పనిచేసే తల్లులు బిడ్డ ఎక్కడుందో ఆ చప్పుడును బట్టే తెలుసుకుంటారట. సబిత వచ్చీరాని తెలుగులో చెప్పింది: "కన్ను మట్టి మీద, చెవి పిల్ల మీద, అమ్మా. తియ్యొద్దు."

మొగులమ్మ సరేనని తలూపింది. కానీ ఆ చప్పుడుకు మిగతా పిల్లలు లేచి కూర్చుంటున్నారు. ఆ సోమవారం సబిత కంపెనీ పనికి వెళ్లగానే గజ్జెలు విప్పి పప్పుల డబ్బాలో వేసింది. ఝిల్లి వెక్కివెక్కి ఏడిస్తే ఒక్క కేక వేసింది. పిల్ల నోరు మూసుకుంది.

మధ్యాహ్నం గిన్నెలు తోమి వచ్చేసరికి ఝిల్లి చాప ఖాళీగా ఉంది. తలుపు తీసి ఉంది. ఎదురుగా రోడ్డు పక్కన కంకర టిప్పర్లు వరుసగా ఆగి ఉన్నాయి. ముందు బండి అప్పుడే స్టార్టయింది.

మొగులమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. "టీచరమ్మా, పిల్లలు పైలం!" అని అరిచి, పరుగున పోయి బండికి అడ్డం నిలబడింది.

"పక్కకు జరుగవ్వా!" అన్నాడు డ్రైవరు చిన్నరాములు.

"బంద్ చెయ్ బిడ్డా! పిల్ల కనపడ్తలేదు! అన్ని బండ్లూ బంద్ చెయ్యమను!"

ఇంజన్లు ఆగాయి. "ఝిల్లీ! యాడున్నవే!" అని గొంతు చించుకుంది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అరవబోయి ఆగింది. పొద్దున కేక వేసిందీ ఈ గొంతుతోనే. దానికి భయపడే పిల్ల దాక్కుని ఉంటే?

లోపలికి ఉరికి డబ్బాలోంచి గజ్జెలు తెచ్చింది. వాటిని మోగిస్తూ బండ్ల వెంట నడిచింది. రెండు బండ్లు దాటింది. మూడో టిప్పరు వెనక చక్రాల మధ్య నుంచి ఒక చిన్న చెయ్యి గజ్జెల కోసం బయటికొచ్చింది.

సాయంత్రం సబితకు ఏదీ దాచలేదు. "తప్పయింది బిడ్డా, నువ్వు చెప్తే ఇనలే" అని ఏడ్చింది. సబిత కూతురి ఒళ్లంతా తడిమి చూసుకుని, గజ్జెలు తనే కట్టింది.

ఇప్పుడు ఆ గదిలో పిల్లలు ఆలస్యంగా నిద్రపోతారు. గజ్జెల చప్పుడు ఒక్క నిమిషం ఆగినా గిన్నెలు తోమే మొగులమ్మ చెయ్యి ఆగిపోతుంది, లేచి చూసి వస్తుంది. ఝిల్లి మాత్రం ఆమె ఒళ్లోకి ఇంకా రాదు.