మూత లేని చక్రం

పోయిన నెల మా చిన్నమ్మాయి కొడుకు తన కారు చక్రాలు చూపించుకోవడానికి నెల్లూరులో ఒక టైర్ల షాపుకు వెళుతూ, ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతున్న నన్ను కూడా ఎక్కించుకున్నాడు. కూర్చున్నచోట కూర్చోలేని జబ్బు నాకు మొదటినుంచీ ఉన్నదే, ఎనభై దాటినా తగ్గలేదు. ఆ కారు చక్రాలు ఒక్కొక్కటీ మూడు ముక్కలట. ముక్కలన్నీ చుట్టూ వరసగా చిన్న బోల్టులతో బిగించి ఉంటాయట, అప్పుడప్పుడూ విప్పి, తుడిచి, సందుల్లోంచి గాలి పోకుండా మందు రాసి, మళ్ళీ అన్నివైపులా సమానంగా బిగించాలట. షాపు కుర్రవాడు పానా అందుకోగానే, గాలి తీశావా నాయనా అని అడిగాను. తీశాను తాతా అన్నాడు. మూడోసారి కూడా అడిగేసరికి అక్కడున్నవాళ్ళంతా నవ్వారు, మనవడు సిగ్గుపడి నన్ను తీసుకెళ్ళి బయట కుర్చీలో కూర్చోబెట్టాడు. నవ్వితే నవ్వనీండి. ఆ రోజుల్లో మోటార్లను నమ్ముకుని బతికిన నా ఈడువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళు మాత్రం నవ్వరు.

అరవైల మొదట్లో బుచ్చిరెడ్డిపాలెంలో ఒక వడ్లమిల్లు యజమానికి, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వేలంలో కొన్న మిలిటరీ జీపు ఒకటి ఉండేది. దానికి డ్రైవరు మా మేనమామ. నాకు ఇరవై మూడో ఏడు రాగానే, లైసెన్సు చేతికొచ్చి ఏ పనీ లేక ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడేస్తున్నానని, యజమానిని బతిమాలి నన్ను తన కింద పనికి పెట్టించుకున్నాడు. యజమానికి ముత్తుకూరు అవతల సముద్రపు ఒడ్డున ఉప్పుమడులు ఉండేవి గనుక వారానికి రెండుసార్లు జీపు అక్కడికి వెళ్ళేది. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి కొంత తగ్గించి పోనిచ్చి, తిరిగి రోడ్డెక్కాక చేతిపంపుతో కొట్టుకునేవాళ్ళం. పంపు కొట్టేది నేను, స్టీరింగు పట్టేది మామ. ఏడాది గడిచినా అదే వరస. మామ పక్కన కూర్చుని నేను లేని క్లచ్చును తొక్కుతూ, లేని గేర్లు మారుస్తూ ఉండేవాణ్ణి.

ఆ జీపు చక్రాలు రెండేసి ముక్కలు. రెండు పళ్ళేలు ఎదురెదురుగా బోర్లించినట్టు, మధ్యలో టైరూ ట్యూబూ పెట్టి చుట్టూ ఎనిమిది బోల్టులతో బిగించేవాళ్ళు. ఉప్పు గాలికీ ఉప్పు నీళ్ళకీ ఆ సందుల్లో తుప్పు పట్టి, అశ్రద్ధ చేస్తే టైరే ఊడిరాక చంపేది. అందుకని నెలకోసారి, బండి కదలని అమావాస్యనాడు, నాలుగు చక్రాలూ విప్పి, ఇనప బ్రష్షుతో గీకి రంగు పూసేవాళ్ళం. గాలి ఉండగా ఆ ఎనిమిది నట్లలో నాలుగు వదులు చేశామా, పై పళ్ళెం ఎగిరి ఎదురుగా ఉన్నవాడి తల తీసుకుపోతుంది. ఆ మిలిటరీ టైర్లు ఎంత మందమంటే, గాలి ఉందో లేదో చేత్తో నొక్కితే తెలిసేది కాదు. అందుకే మామ ఒక కట్టడి పెట్టుకున్నాడు. గాలంతా తీసేశాక వాల్వు మీది ఇత్తడి మూత బొడ్డులో దోపుకునేవాడు, మళ్ళీ గాలి నింపాకే అది వాల్వు మీదికి ఎక్కేది. మా షెడ్డులో మూత లేని చక్రమంటే గాలి లేని చక్రమే.

యజమాని పెద్దకొడుకు పెళ్ళి వచ్చింది. ఊరేగింపు జీపులోనే. ఆ ఒక్కరోజన్నా స్టీరింగు నాకిస్తే చాలునని నాకు నిద్ర పట్టడం మానేసింది. పెళ్ళికి రెండు రోజుల ముందు, కొత్తగా రంగు పూద్దామని మామ నాలుగు చక్రాలూ ఊడదీసి గోడకు చేరేసి, అన్నిటికీ గాలి తియ్యరా, నేను సద్దన్నం తిని వస్తానని వెళ్ళాడు. నా బుద్ధి గాలి మీద ఎందుకుంటుంది? యజమాని కంట్లో పడాలని, ఇత్తడి మూతలు ఒక్కొక్కటే తీసి బావిగట్టున చింతపండుతో తోమడం మొదలుపెట్టాను. మూడు మూతలు బంగారంలా మెరిపించి మళ్ళీ బిగించాను. నాలుగోది తోముకుని తిరిగి వచ్చేసరికి, మామ ఆ నాలుగో చక్రాన్నే పడుకోబెట్టి నట్లు విప్పుతున్నాడు. మూడో నట్టు వదులైంది. రిమ్ము కిర్రుమంది.

నేను వేసిన కేకకు మామ వెనక్కి పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. నేను పాక్కుంటూ వెళ్ళి పుల్లతో వాల్వు నొక్కి గాలంతా వదిలేశాను. ఆ తరువాత చేసిన పనిని భయం చేయించిందా, ఆశ చేయించిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను. మామ ఇంకా మోచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని పడి ఉండగానే, చేతిలో ఉన్న మూతను వాల్వుకు బిగించాను.

కేక విని మిల్లులోంచి యజమాని పరుగున వచ్చాడు. మామ లేచి కూర్చుని, "మూత లేదయ్యా, చూసే పట్టినాను" అన్నాడు. "మరి ఇదేంది? మెరుస్తా ఉంటే అగపడలేదా నీకు?" అని యజమాని వేలు చూపించాడు. మామ దగ్గరికి జరిగి ఆ మూతను తడిమి చూసుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, "ఏరా అబ్బయ్యా, నువ్వేమన్నా తీసినావా?" అని అడిగాడు. అడగడంలో అనుమానమేమీ లేదు, ఆసరా కోసం అడిగాడు. "ఎప్పుడో తోమి పెట్టేసినాను మామా" అన్నాను. మామ తుండుగుడ్డతో రెండు కళ్ళూ తుడుచుకుని మళ్ళీ చూశాడు. యజమాని చెడ్డవాడేమీ కాదు. "కండ్లు తగ్గినట్టుండాయి, ఇంక నువ్వు బండి తోలబాక" అని మెల్లగానే చెప్పాడు.

ఊరేగింపులో జీపు నేనే నడిపాను. కోరుకున్న సీటు కింద ముళ్ళున్నట్టే ఉండేది. ఆ సీటులో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను, ఒక్కరోజు కుదురుగా లేను. ప్రతి నెలా చక్రాలు విప్పేటప్పుడు వాల్వును పదిసార్లు నొక్కి చూసేవాణ్ణి.

ఆర్నెల్ల తరువాత, పని పోయాక మామ చేరిన చిట్టమూరుకు వెళ్ళాను, చెప్పేద్దామనే వెళ్ళాను. మామ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అత్త చినిగిన రవికె ఒకటి కుడుతూ, దారం ఎక్కడం లేదని సూది మామకు అందించింది. మామ దారం కొస తడిపి ఒక్కసారికే ఎక్కించి ఇచ్చి, నాతో అన్నాడు. "కండ్లు పోయినాయిరా. నాకే ముందు తెలిసుండాల్సింది. ఆ పొద్దు నువ్వు అరవకపోతే పోయుండేవాణ్ణి." కాఫీ తాగి, బస్సుకు వేళైందని లేచాను.

ఇప్పుడు టైర్లలో గాలెంతుందో మీటరు అంకెల్లో చూపిస్తుంది, ఎవరి మాటా ఎవరూ నమ్మనక్కరలేదు. అప్పుడు ఒకడు చేసిన పనిని నమ్మి ఇంకొకడు ప్రాణం పెట్టేవాడు. ఏది మేలో నాకు తెలియదు, ఆ రోజులే బంగారమని అనడానికి మాత్రం నాకు నోరు రాదు. మామ ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. సైకిలు కూడా ఎక్కలేదు. డాక్టరుకు చూపించుకుందామంటే, ఉన్న కాస్తా పోయిందని చెబుతాడని భయపడి రాలేదు. పొద్దు వాలితే అత్త చెయ్యి పట్టుకోకుండా వాకిలి దాటేవాడు కాదు. ఆ కళ్ళకు ఏమీ కాలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.