సాంబయ్య బావ అడిగిన ఐసు ముక్క

ఈ మాట మోయడం మొదలుపెట్టి నలభై ఏళ్లకు దగ్గర పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెప్పకపోగా, ఆ రోజు ప్రస్తావన ఇంట్లో వచ్చినప్పుడల్లా అందరితో పాటు నవ్వాను. తప్పు చేసింది ఒక్క పూటే. నవ్వడం మాత్రం ఏళ్ల తరబడి నవ్వాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల నడిమి సంగతి. గుంటూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సొంతూరు రెంటచింతల. మా ఊరి ఎండ గురించి మీరు వినే ఉంటారు. వినడం వేరు, అందులో బతకడం వేరు.

మా డాక్టరు గారు క్యాన్సర్ మీద పరిశోధన చేసేవారు. ఆయనకు విదేశం నుంచి ఒక కొత్త మందు వచ్చింది. యాంటీబాడీ. ఒక రకం క్యాన్సర్ కణాలను వెతుక్కుంటూ వెళ్లి వాటికి అంటుకుంటుంది. అంటుకోవడం వరకే దాని పని. చంపేవి వేరే ఉన్నాయి. మన రక్తంలోనే ఉండే కొన్ని ప్రోటీన్లు. వాటన్నిటికీ కలిపి కాంప్లిమెంట్ అని పేరు. యాంటీబాడీ అంటుకున్న కణం దగ్గరికి ఇవి ఒకదాని వెంట ఒకటి చేరి, దాని గోడకు చిల్లులు పొడుస్తాయి. కణం నీళ్లు పీల్చి, ఉబ్బి, పగిలిపోతుంది.

వచ్చిన మందు ఒక్క మనిషికే సరిపోతుంది. రోగులు ఇద్దరు. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి డాక్టరు గారు ఒక పరీక్ష పెట్టారు. రోగి క్యాన్సర్ కణాలు, ఈ మందు, అతని రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం, మూడూ కలపాలి. తరవాత నీలం రంగు వేసి మైక్రోస్కోపులో చూడాలి. చచ్చిన కణం నీలంగా కనబడుతుంది. బతికున్నది మెరుస్తూ ఉంటుంది. ఎవరి సీరం ఎక్కువ కణాల్ని చంపితే వాళ్లకు మందు.

ఒక్కటే చిక్కు. కాంప్లిమెంట్ వేడికి ఆగదు. ఎండ తగిలితే గంటల్లో దాని పస పోతుంది. పోయినట్టు పైకి తెలియదు. సీరం అదే లేత గడ్డిరంగులో, అంతే తేటగా ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇన్నేళ్లూ నేను దీని చాటునే దాక్కున్నాను.

ఆ ఇద్దరు రోగుల్లో ఒకడు సాంబయ్య బావ. చుట్టం కాదు, మా పక్కింటివాడు. క్వారీ లారీ డ్రైవరు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. అన్నం వేళకు గడప తొక్కినవాణ్ణి తినకుండా పంపేవాడు కాదు. మెడ మీదా చంకల్లోనూ గడ్డలు లేస్తే నేనే గుంటూరు తీసుకొచ్చి చూపించాను. ఒక గడ్డలోంచి తీసిన కణాలు ల్యాబులో దాచి ఉంచాం. ఎండలు ముదిరాక మనిషి బాగా నీరసించి ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ బస్సెక్కలేనన్నాడు.

"మీ ఊరేగా, వెళ్లి రక్తం తీసుకురా. ఐసులో పెట్టి తిన్నగా ల్యాబుకి రా," అన్నారు డాక్టరు గారు. తిన్నగా అనే అన్నారు. నాకు బాగా గుర్తుంది.

తెల్లవారగానే రక్తం తీశాను. గడ్డ కట్టనిచ్చి, సీరం రెండు గొట్టాల్లోకి వంపాను. సోడా కొట్లో రంపపు పొట్టులో దాచిన ఐసు గడ్డ కొని, పగలగొట్టి థర్మోకోల్ పెట్టె నింపాను. బావ రేకుల పంచలో నులకమంచం మీద పడుకుని అంతా చూస్తున్నాడు. అతని భార్య గోవిందమ్మక్క పక్కన కూర్చుని చెంగుతో విసురుతోంది. పొద్దు ఇంకా పైకి రాకముందే రేకులు కాలుతున్నాయి.

"ఏందిరా, నా నెత్తురికి ఐసు పరుపు వేస్తున్నావా? దాని బతుకే బాగుంది."

"క్వారీలో మేస్త్రీ సుద్దతో బండ మీద గుర్తు పెడతాడు గదా బావా. ఈ మందు చేసేది అంతే. గుంతలు కొట్టే కూలీలు నీ నెత్తురులోనే ఉన్నారు. వాళ్లు ఎండకు ఆగరు. అందుకే ఐసు."

"అంటే గుర్తు పెట్టేది ఫారినోళ్లు, గుంతలు కొట్టేది మనోళ్లా? ఆడ కూడా ఇంతేనా!" నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక పెదాలు తడుపుకుని అన్నాడు: "ఒరేయ్, ఒక్క ముక్క పెట్టరా నోట్లో. చానా దాహంగా ఉంది. కుండలో నీళ్లు కూడా కాగిపోతున్నయ్యి."

"వద్దు బావా. సరిగ్గా సరిపోయేటట్టు తెచ్చాను. తగ్గితే నీ నెత్తురు చెడిపోద్ది."

"సరే సరే, పోనీలే. జాగ్రత్తగా తీసుకుపో. బావిలో నీళ్లు పడేదాకా ఉంటే చాలు నాకు."

చేలో బావి తవ్విస్తున్నాడు. ఆరు నిలువులు దిగాక బండ తగిలింది. ఆ బండ పగిలి నీళ్లు పడటం కళ్లతో చూడాలని అతని ఆశ.

ఇవ్వలేదు. ఒక్క ముక్క ఇవ్వలేదు. అబ్బో, ఎంత నిక్కచ్చి మనిషిని! మూత బిగించి, గోనెపట్టా చుట్టి, బస్సెక్కాను.

ఇక్కడిదాకా చెప్పడం తేలిక. ఇప్పుడు అసలు సంగతి.

ఆ రోజే నరసరావుపేటలో నాకు పెళ్లిచూపులు. మామయ్య కుదిర్చాడు. డాక్టరు గారికి చెప్పలేదు. దారిలోనేగా, గంటసేపేగా అనుకున్నాను. బస్టాండులో మామయ్య ఎదురొచ్చి పెట్టెలో ఏముందని అడిగితే చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"శుభమా అని పిల్లని చూడబోతా నెత్తురు చంకన పెట్టుకొస్తావా? అందునా ఆ జబ్బు నెత్తురు! ఆడ నోరెత్తమాక."

ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఇంట్లో అనడానికే జనం జంకేవాళ్లు. అంటుకుంటుందనే భయం కూడా ఉండేది. అయినా బస్టాండులో పెట్టె ఎవరికైనా అప్పగించి వెళ్లొచ్చు. అసలు వెళ్లకుండా గుంటూరు బస్సెక్కొచ్చు. ఎందుకు ఎక్కలేదు? పిల్ల బాగుంటుందని మామయ్య చెప్పాడు. ఇంతకన్నా పెద్ద కారణం కోసం చానా వెతికాను. దొరకలేదు.

పిల్ల తండ్రి నా చేతిలో పెట్టె చూసి ఏమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామయ్య, "ఐసండీ. ఎండలు గదా, మావాడికి ముందుచూపు ఎక్కువ," అన్నాడు. వసారా అంతా నవ్వులే నవ్వులు. లోపల షర్బత్‌కి నిమ్మకాయలు కోసి ఉంచారట, కొట్లో ఐసు దొరకలేదట. ఒక పెద్దావిడ మురిసిపోతూ గిన్నె పట్టుకొచ్చి నా ముందు నిలబడింది.

ఇందులో మందు ఉంది, తీయకూడదు అంటే సరిపోయేది. అంత చిన్న మాట. ఏం మందు, ఎవరికి, ఏ జబ్బుకు అని అడుగుతారు. అపశకునం అంటారు. సంబంధం పోతుంది. ఇన్ని లెక్కలు వేసుకునే నేను, సీరం పాడయితే బావకు మందు రాదన్న ఒక్క లెక్క వేసుకోలేదా? వేసుకున్నాను. తెలిసే చేశాను. గోడవైపు తిరిగి, గొట్టాలను తువ్వాలు కింద దాచి, నా రెండు చేతులతో ఐసు తోడి గిన్నెలో పోశాను. చాలలేదన్నారు. ఇంకా తోడాను.

పిల్ల షర్బత్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. తలెత్తి ఆమెను చూడలేదు. గ్లాసులో తేలుతున్న ముక్కనే చూశాను. సిగ్గరి అన్నారు అందరూ. తాగాను. చల్లగా ఉంది. భోజనం చేసిగానీ వెళ్లకూడదన్నారు. చేశాను. ఐసు ఖాళీ అయిన పెట్టె, లోపలి గొట్టాలతో సహా, మూడు గంటలు వసారా మెట్ల మీద ఎండలో ఉంది.

బస్టాండుకు వచ్చాక మూత తీసి ముట్టుకుంటే గొట్టాలు వేడిగా ఉన్నాయి. పక్క వీధిలో ఐసు కొని పెట్టె నిండా పోశాను. సాయంత్రం డాక్టరు గారు మూత తీసేటప్పటికి నిండా ఐసు.

"దారి పొడవునా ఐసు ఉందా?" అని అడిగారు.

"ఉంది సార్."

రెండో రోగి కణాలు మైక్రోస్కోపు కింద నేరేడు పళ్లు రాలినట్టు నీలంగా కనిపించాయి. బావవి అన్నీ మెరుస్తున్నాయి. డాక్టరు గారు చాలాసేపు చూశారు. "ఆశ్చర్యంగా ఉందే. మళ్లీ తెప్పించి చూద్దామా?" అన్నారు.

దేవుడు రెండోసారి కూడా తలుపు తీశాడు. రెండో సీరం పనిచేస్తే మొదటిదానికి ఏమైందని అడుగుతారు. అందుకని, "మనిషి బాగా చిక్కిపోయాడు సార్, మళ్లీ రక్తం తీయడం కష్టం," అన్నాను. మొదటిది సిగ్గు వల్ల జరిగింది అనుకుందాం. ఇది? దీనికి పేరు మీరే పెట్టండి.

ఈ రోగిలో కాంప్లిమెంట్ పనిచేయడం లేదని ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నారు. మందు రెండో మనిషికి వెళ్లింది. బావకు ఆ కబురు నేనే చెప్పాను. "నీ నెత్తురులో కూలీలు పనికి రాలేదు బావా," అన్నాను. పైన రేకులకేసి చూశాడు. "నా నెత్తురే నాకు పనికి రాలేదన్న మాట," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. శ్రావణంలో పోయాడు. తన ఒంటినే తప్పు పట్టుకుంటూ పోయాడు.

మందు దక్కిన మనిషికి చలిజ్వరం వచ్చి తగ్గింది, గడ్డలు కరిగాయి. ఆరు నెలలు బాగా తిరిగి, మళ్లీ గడ్డలు లేచి అతనూ పోయాడు. చూశావా, ఇచ్చినా బతికేవాడు కాదు అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. ఆరు నెలలు అంటే ఏమీ కాదా? కార్తీకంలో బావ బావిలో బండ పగిలి నీళ్లు పడ్డాయి. గోవిందమ్మక్క మొదటి చెంబు నాకే అందించింది. "మీ బావ కోసం అంత తిరిగావు. నువ్వే ముందు తాగు తమ్ముడూ," అంది. తాగాను. ఇచ్చింది ఇచ్చినట్టు తాగడం నాకు అలవాటేగా.

ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ పిల్లతోనే పెళ్లి అయింది. మంచి మనిషి, ఆమెను ఒక్క మాట అనడానికి లేదు. పెళ్లిచూపులకు ఐసు మోసుకొచ్చిన పెళ్లికొడుకని మా అత్తారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న మనవడి అన్నప్రాశనలో కూడా మా ఆవిడ చెప్పింది. నేను నవ్వాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. గోవిందమ్మక్క ఇంకా ఉంది. వెళ్లి చెప్పాలి. వెళతానని మాత్రం మాట ఇవ్వలేను. నా మాట ఏపాటిదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. డాక్టరు గారు పోయి చాలా కాలమైంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి జవాబు ఈ రోజు రాస్తున్నాను. రాస్తుంటే గుండె కొంచెం తేలికపడ్డ మాట నిజం.

లేదు సార్. దారి పొడవునా లేదు. నరసరావుపేట దాకానే ఉంది. కరిగిపోలేదు. నేనే తోడి ఇచ్చాను.